ధూళి వెనక నక్షత్రాలు: పరారుణ ఖగోళంలో మన బాకీ

జీఎస్-3 నోట్సులో ‘అంతరిక్షం’ అనే హెడ్డింగ్ కింద మనలో చాలామంది రాసుకునేది ఒకటే వరస. చంద్రయాన్, గగన్‌యాన్, ఆదిత్య-ఎల్1, ఏ రాకెట్టు ఎన్ని కిలోలు మోస్తుంది, ఏ కక్ష్యలోకి పంపుతుంది. అన్నీ పైకి ఎగిరేవే. పైకి చూసే పని గురించి మాత్రం చివర్లో రెండు లైన్లు ఉంటాయి, అవి కూడా జేమ్స్ వెబ్ టెలిస్కోపు పుణ్యమా అని. నా నోట్సు కూడా మొన్నటిదాకా అలాగే ఉండేది. భారీ నక్షత్రాలు ఎలా పుడతాయన్న ప్రశ్న వెంట కొంతకాలం చదివాక ఆ హెడ్డింగ్ మొత్తం తిరగరాసుకోవాల్సి వచ్చింది. ఈ ప్రశ్నలో మన దేశానికి చాలా పాత వాటా ఉంది. దాని గురించి మనకే తెలియదు. ఆ వాటాను నిలబెట్టుకునే విషయంలో మన విధానం సరిగా లేదన్నది నా అభిప్రాయం.

ముందు విషయం చూద్దాం. సూర్యుడికి సుమారు ఎనిమిది రెట్లు, అంతకు మించి ద్రవ్యరాశి ఉన్నవాటిని భారీ నక్షత్రాలు అంటారు. ఇవి చాలా అరుదు. సూర్యుడి ఆయుష్షు దాదాపు వెయ్యి కోట్ల ఏళ్లయితే, ఇరవై రెట్లు బరువైన నక్షత్రం కోటి ఏళ్లు కూడా గట్టిగా బతకదు. కానీ ఉన్నంతకాలం చుట్టూ ఉన్న వాయుమేఘాన్ని అతినీలలోహిత కాంతితో కాల్చి, గాలులతో చెదరగొట్టి, చివరికి సూపర్‌నోవాగా పేలి ఆ చుట్టుపక్కల కొత్త నక్షత్రాలు పుట్టాలా వద్దా అన్నది ఇవే నిర్ణయిస్తాయి. మనం పీల్చే ఆక్సిజన్‌లో అధికభాగం ఇలాంటి నక్షత్రాల కడుపులో తయారైనదే. ఇంత ముఖ్యమైనవాటి బాల్యం గురించి మనకు తెలిసింది తక్కువ. కారణం సులభంగానే చెప్పొచ్చు. అవి పుట్టేది దట్టమైన వాయువు, ధూళి నిండిన మేఘాల లోపల. చిన్న నక్షత్రాలు మేఘం పలచబడ్డాక కూడా ఇంకా ఎదుగుతూ కనిపిస్తాయి. భారీ నక్షత్రానికి అంత తీరిక లేదు. చుట్టూ ఉన్న పదార్థం ఇంకా మీద పడుతుండగానే దాని గర్భంలో హైడ్రోజన్ మండటం మొదలైపోతుంది. తెర తొలిగేసరికి బాల్యం అయిపోతుంది.

ఈ తెర ఎంత మందమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. కాంతి తగ్గుదలను ఖగోళవేత్తలు మాగ్నిట్యూడ్లలో కొలుస్తారు. ఐదు మాగ్నిట్యూడ్లు అంటే నూరు రెట్లు తగ్గడం. కంటికి కనిపించే కాంతిని ధూళి పది మాగ్నిట్యూడ్ల మేర మింగేసిందంటే మనకు చేరేది పదివేలలో ఒక వంతు. అదే ధూళి 2.2 మైక్రాన్ల పరారుణ కాంతిని ఆపేది అందులో సుమారు తొమ్మిదో వంతు, అంటే 1.1 మాగ్నిట్యూడ్. కాంతి మూడు రెట్లు కూడా తగ్గదు. పదివేల రెట్లెక్కడ, మూడు రెట్లెక్కడ! పొగమంచులో ఎదురుగా ఉన్న మనిషి కనపడకపోయినా మాట వినబడినట్టే ఇది కూడా. ఇంకా లోతైన మేఘాల్లో ఆ 2.2 మైక్రాన్ల కాంతి కూడా బయటకు రాదు. అప్పుడు నక్షత్రాన్ని కాదు, అది వేడెక్కించిన ధూళినే చూడాలి. 300 కెల్విన్ల దగ్గర ఉండే మన శరీరం ప్రధానంగా పది మైక్రాన్ల ప్రాంతంలో ప్రకాశిస్తుంది. 30 కెల్విన్ల చల్లటి ధూళి దానికి పదింతల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే 100 మైక్రాన్ల దగ్గర ప్రకాశిస్తుంది. దీన్నే దూర పరారుణం అంటారు. ప్రిలిమ్స్ కోసం చదివిన వీన్ నియమం ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

అందరికీ తెలిసిన ఉదాహరణ ఓరియన్. మన మృగశిర ఆ నక్షత్రరాశి తలభాగమే. జూన్ మొదటివారం దాటగానే మృగశిర కార్తె వచ్చిందని చేపలు తింటాం కానీ, ఆ రోజుల్లో సూర్యుడు అటువైపే ఉంటాడు కాబట్టి మృగశిరను చూడలేం. చూడాలంటే చలికాలం రాత్రే. మూడు నక్షత్రాల నడికట్టు కింద మసకగా కనిపించే మచ్చ ఓరియన్ నెబ్యులా. మనకు సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరం. భారీ నక్షత్రాలు పుడుతున్న చోట్లలో మనకు బాగా దగ్గరిది ఇదే. శతాబ్దాలుగా టెలిస్కోపులు దాన్ని చూస్తూనే ఉన్నాయి. 1960ల నడుమ ఎరిక్ బెక్లిన్, గెర్రీ న్యూగెబావర్ పరారుణ గ్రాహకంతో అదే చోట వెతికితే, మామూలు ఫొటోల్లో ఏమీ లేని జాగాలో ధగధగలాడే వస్తువు ఒకటి దొరికింది. 1967లో దాన్ని ప్రకటించారు. ఇప్పటికీ దాని పేరు బెక్లిన్-న్యూగెబావర్ వస్తువే. నెబ్యులా వెనక, ధూళిలో దాగిన భారీ యువ నక్షత్రం అది. వేల కళ్లు చూసిన ఆకాశమే, కొత్త కంటితో చూస్తే ఇంకోటి బయటపడింది.

సిద్ధాంతం వైపు కూడా ఒక చిక్కు ఉండేది. భారీ నక్షత్రం వెలుగు ఎంత తీవ్రమంటే, ఆ వెలుగు ఒత్తిడే మీద పడుతున్న ధూళిని వెనక్కి నెట్టేయాలి. పదార్థం అన్ని వైపుల నుంచీ సమానంగా పడుతుందనుకుని లెక్కవేస్తే, సూర్యుడికి కొన్ని పదుల రెట్లు దాటి ఏ నక్షత్రమూ పెరగకూడదు. కానీ అంతకు మించినవి ఆకాశంలో ఉన్నాయి. దీనికి వచ్చిన జవాబు ఏమిటంటే, పదార్థం చుట్టూ తిరిగే పళ్లెం లాంటి చక్రం గుండా లోపలికి చేరుతుంది, వెలుగు పైనుంచీ కిందనుంచీ తప్పించుకుంటుంది. కాగితం మీద బాగానే ఉంది, మరి ఆ చక్రాన్ని ఎవరైనా చూశారా? 2010లో స్టెఫాన్ క్రాస్ బృందం చిలీలోని టెలిస్కోపుల పరారుణ కాంతిని కలిపి, సూర్యుడికి ఇరవై రెట్లంత ద్రవ్యరాశి ఉన్న ఒక యువ నక్షత్రం చుట్టూ అలాంటి చక్రాన్ని పసిగట్టింది. ఆ నక్షత్రం పేరు ఐరాస్ 13481-6124. పేరులో ఉన్న ‘ఐరాస్’ 1983లో ఎగిరిన మొదటి పరారుణ సర్వే ఉపగ్రహం. పది నెలలు మాత్రమే పనిచేసిన ఆ ఉపగ్రహం ఇచ్చిన చిరునామాలతోనే నలభై ఏళ్లుగా ఈ రంగం నడుస్తోంది.

ఇక మన కథ. భూమ్మీది గాలిలోని నీటి ఆవిరి దూర పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా మింగేస్తుంది. కొండ ఎంత ఎత్తుదైనా లాభం లేదు, గాలిని దాటి పైకి పోవాల్సిందే. ఉపగ్రహం పంపే స్తోమత లేని రోజుల్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు బెలూన్‌ను ఎంచుకున్నారు. హైదరాబాద్‌లోని వారి బెలూన్ కేంద్రం నుంచి, మీటరు వ్యాసం అద్దం ఉన్న టెలిస్కోపును హైడ్రోజన్ నింపిన పాలిథీన్ బెలూన్‌కు కట్టి ముప్పై కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. అక్కడికి చేరితే గాలిలో తొంభై తొమ్మిది శాతం కిందే ఉండిపోతుంది. రాత్రంతా పరిశీలించాక టెలిస్కోపు ప్యారాచూట్‌తో ఏ పొలంలోనో దిగుతుంది. మళ్లీ తెచ్చుకుని, బాగుచేసి, మళ్లీ పంపుతారు. పత్రికల్లో అప్పుడప్పుడు వచ్చే ప్రకటన గుర్తుందా? ‘ఆకాశం నుంచి పరికరాలు దిగితే ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి’ అని ఉండేది ఈ కేంద్రం ఇచ్చేదే. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో వింత గోళం దిగిందని జనం గుంపులుగా వెళ్లి చూశారు. అది అంతరిక్ష పర్యాటకం కోసం ఒక విదేశీ సంస్థ ఈ కేంద్రం నుంచే పంపిన నమూనా. యూఎఫ్‌ఓ అనుకుని వీడియోలు తీసినవాళ్లలో ఎంతమందికి, ఆ ఊళ్ల మీదుగా దశాబ్దాల కిందటే నక్షత్రాల పురిటిగదుల్ని చూసే టెలిస్కోపు ఎగిరిందని తెలిసి ఉంటుంది?

ఆ టెలిస్కోపు చేసిన పని చిన్నది కాదు. ఐరాస్ అద్దం 57 సెంటీమీటర్లు, మనది 100. ఐరాస్ చూపు 100 మైక్రాన్ల దగ్గర ఆగిపోయింది, మనది 200 మైక్రాన్ల దాకా వెళ్లింది. అంటే ఇంకా చల్లటి ధూళిని, ఇంకాస్త స్పష్టంగా చూసింది. 2009లో యూరప్ వారి హెర్షెల్ టెలిస్కోపు 3.5 మీటర్ల అద్దంతో అంతరిక్షంలోకి చేరేదాకా ఆ తరంగదైర్ఘ్యాల్లో నక్షత్ర జనన ప్రాంతాల పటాలు గీసిన కొద్దిమందిలో మనవాళ్లున్నారు. తర్వాత జపాన్ శాస్త్రవేత్తల వర్ణపటమాపకాన్ని దీనికే బిగించి, అయనీకరణ చెందిన కార్బన్ 158 మైక్రాన్ల దగ్గర ఇచ్చే కాంతిని కొలిచారు. భారీ నక్షత్రాల వెలుగు మేఘాన్ని ఎక్కడ, ఎంత కాలుస్తోందో చెప్పే రేఖ అది. ఓరియన్‌ను అలా చూశారు. దక్షిణాకాశంలోని ఆర్‌సీడబ్ల్యూ 36 అనే ప్రాంతం మీద పత్రం 2021లో కూడా వచ్చింది. హైదరాబాద్ పదిహేడున్నర డిగ్రీల అక్షాంశంలో ఉండటం వల్ల యూరప్‌కు అందని దక్షిణపు పాలపుంత మనకు అందుతుంది.

నా మొదటి ఫిర్యాదు ఇక్కడే. హెర్షెల్ 2013లో ఆగిపోయింది. విమానంలో ఎగిరే సోఫియా టెలిస్కోపును 2022లో ఆపేశారు. జేమ్స్ వెబ్ గొప్పదే, కానీ దాని చూపు 28 మైక్రాన్ల దగ్గర ముగుస్తుంది. చల్లటి ధూళిని నేరుగా చూసే అంతరిక్ష టెలిస్కోపు ఈరోజు పనిచేస్తున్నది ఒక్కటీ లేదు. అందుకే అమెరికా మళ్లీ బెలూన్ వైపు తిరిగింది. 2023 చివరి రోజున అంటార్కిటికాలో ఎగరేసిన గస్టో అనే బెలూన్ 57 రోజులపాటు తిరిగి కార్బన్, నైట్రజన్ అయాన్ల రేఖల్ని కొలిచింది. అందులో ఒకటి మనం హైదరాబాద్ నుంచి ఏనాడో కొలిచిన 158 మైక్రాన్ల రేఖే. ప్రపంచం ఈ దారికి తిరిగొస్తున్న వేళ, ఈ దారిలో అనుభవం ఉన్న కేంద్రాన్ని జాతీయ ప్రాధాన్యంగా చూసి, పెద్ద అద్దానికి, మెరుగైన గ్రాహకాలకు డబ్బివ్వడం తెలివైన పని. మన అంతరిక్ష ఖగోళ ఉపగ్రహాల్ని చూడండి. 2015 నాటి ఆస్ట్రోశాట్ అతినీలలోహితం, ఎక్స్‌రే. 2024 జనవరి 1న వెళ్లిన ఎక్స్‌పోశాట్ ఎక్స్‌రే. ఆదిత్య సూర్యుడి కోసం. పరారుణ ఖగోళానికి ఒక్కటీ లేదు. ముప్పై సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపుతో పరారుణ వర్ణపట సర్వే చేయాలన్న ప్రతిపాదన టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి ఉంది. చిన్న ఉపగ్రహం సరిపోయే పని అది. ఇలాంటిది ముందుకు కదలాలి.

నేల మీద పరిస్థితి కొంత నయం. సమీప పరారుణాన్ని ఎత్తైన, పొడి ప్రదేశాల నుంచి చూడొచ్చు. మౌంట్ ఆబూలోని గురుశిఖర్ మీద 1.2 మీటర్ల టెలిస్కోపు ఈ పని కోసమే కట్టారు. లదాఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున, 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. బెంగళూరు పక్కన హోస్కోటేలో కూర్చుని ఉపగ్రహ లింకుతో దాన్ని నడుపుతారు. 2013 నుంచి దానికి టాటా ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన పరారుణ వర్ణపటమాపకం అమర్చి ఉంది. నైనితాల్ దగ్గర దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోపు 2016లో మొదలైంది. వీటికి తోడు పుణె దగ్గరి జీఎంఆర్‌టీ ముప్పై రేడియో డిష్‌లు. పరారుణం, రేడియో కలిస్తే ఎంత లాభమో చెప్తాను. భారీ నక్షత్రం చుట్టూ హైడ్రోజన్ అయనీకరణ చెందుతుంది, ఆ వేడి వాయువు రేడియోలో పలుకుతుంది. ఆ రేడియో బలాన్ని బట్టి నక్షత్రం ఎన్ని తీవ్రమైన ఫోటాన్లు విడుస్తోందో, పరారుణాన్ని బట్టి దాని మొత్తం వెలుగెంతో తెలుస్తాయి. రెండూ పక్కపక్కన పెడితే లోపల ఉన్నది ఒక్క పెద్ద నక్షత్రమా, చిన్నవాటి గుంపా అన్నది తేలుతుంది. మన విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే మంచి పత్రాల్లో చాలావరకు ఈ జోడింపు మీద ఆధారపడ్డవే. అయనీకరణకు సమీకరణం ఇచ్చిన మేఘనాథ్ సాహా దేశంలో ఇది సహజమే. ఆయన 1952లో లోక్‌సభకు కూడా గెలిచి విధానాల మీద గట్టిగా వాదించారు, ఎథిక్స్ పేపర్‌కి ఉదాహరణగా రాసుకోండి.

అయినా మన చర్చంతా పెద్ద అద్దాల చుట్టూనే తిరుగుతోంది. ముప్పై మీటర్ల టెలిస్కోపులో భాగస్వామ్యానికి కేంద్ర మంత్రివర్గం 2014లో సుమారు 1,300 కోట్లు ఆమోదించింది. హవాయిలో మౌనా కియా కొండను పవిత్రంగా భావించే స్థానికుల అభ్యంతరాలతో ఆ పని నిలిచిపోయింది. వారి అభ్యంతరం న్యాయమైనదని నేననుకుంటాను. ఆదివాసీ భూముల గురించి ఐదో షెడ్యూలు చదివే మనం అక్కడి మాట కొట్టిపారేయలేం. హాన్లేలో మన సొంత 13.7 మీటర్ల దృశ్య-పరారుణ టెలిస్కోపు ప్రతిపాదన ఉంది. దాన్ని సమర్థిస్తాను. కానీ పెద్దది వచ్చేదాకా చిన్నవాటిని చిన్నచూపు చూడటం తప్పు. ఒక ఉదాహరణ చాలు. 2015లో ఎస్255 అనే ప్రాంతంలో, సూర్యుడికి ఇరవై రెట్లున్న ఒక యువ నక్షత్రం పరారుణంలో ఒక్కసారిగా వెలిగిపోయింది. అంతకుముందు అక్కడి మిథనాల్ రేడియో సంకేతం ఉప్పొంగడంతో శాస్త్రవేత్తలు అటు తిరిగి చూశారు. చక్రం నుంచి పెద్ద ముద్ద ఒకటి నక్షత్రం మీద పడటమే కారణం. అంటే భారీ నక్షత్రాలు కూడా చిన్నవాటిలాగే విడతలు విడతలుగా మేస్తాయి. ఇలాంటి ఘట్టం ఎప్పుడు జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఏళ్ల తరబడి రోజూ కాపలా కాసేవాడికే దొరుకుతుంది. కోట్లు పోసిన టెలిస్కోపు సమయం ఎవరూ కాపలాకు ఇవ్వరు. రెండు మీటర్లది ఇవ్వగలదు. పైగా హవాయిలో పగలైనప్పుడు, చిలీలో చీకటి పడకముందు, మన లదాఖ్‌లో రాత్రి నడుస్తుంటుంది. ఈ రేఖాంశం డబ్బుపెట్టి కొనలేనిది.

అద్దం కంటే పెద్ద సమస్య ఇంకోటుంది, అది గ్రాహకం. అద్దాలు నునుపు చేయడం మనకు వచ్చు, హోస్కోటేలో ముప్పై మీటర్ల టెలిస్కోపు ముక్కల కోసం కేంద్రమే కట్టారు. పరారుణాన్ని పట్టే పాదరసం-కాడ్మియం-టెల్యురైడ్ చిప్పులు మాత్రం అమెరికా నుంచి రావాలి. క్షిపణి కంట్లో, రాత్రి చూపు అద్దాల్లో వాడేదీ ఇదే పదార్థం కనుక వీటి మీద ఎగుమతి ఆంక్షలుంటాయి. మనం 2017లో వాసెనార్ ఏర్పాటులో చేరినంత మాత్రాన చిప్పులు ఇంట్లో తయారవవు. ఢిల్లీలోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఈ పదార్థం మీద చాలాకాలంగా పనిచేస్తోంది. రక్షణ అవసరానికి చేసే గ్రాహకం, ఖగోళానికి కావలసినది ఒకటి కావు. రెండోదానికి చీకటి ప్రవాహం అతి స్వల్పంగా ఉండాలి, నిమిషాల తరబడి ఒక్కో ఫోటాన్ కూడగట్టాలి. అయితే కష్టమైనది చేయగలిగినవాడికి సులువైనది ఎలాగూ వస్తుంది. సెమీకండక్టర్ మిషన్ అని మాట్లాడేటప్పుడు ఫోన్ చిప్పుల దగ్గరే ఆగకుండా ఈ రెండు ప్రయోగశాలల్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే అధికారి ఒకరు కావాలి.

ఇదంతా స్టడీ రూమ్‌లో చెప్తే, నాకంటే రెండు మెయిన్స్ ఎక్కువ రాసిన అన్న ఒకాయన నవ్వాడు. “తమ్ముడూ, తాగే నీళ్లు లేని ఊళ్లుండగా నక్షత్రం ఎలా పుట్టిందో ఎవడికి కావాలి?” దీనికి మామూలుగా రాసే జవాబు, కెమెరా చిప్పు, వైఫై అంటూ ఉపఫలాల జాబితా. ఆ జవాబు నాకు నచ్చదు. కెమెరా కావాలంటే కెమెరా మీదే ఖర్చుపెట్టొచ్చు కదా అని అన్న అడిగితే నా దగ్గర మాట లేదు. నేను చెప్పింది వేరు. పరిశోధన మీద దేశం పెట్టే ఖర్చు మొత్తం జీడీపీలో 0.64 శాతం. అందులో ఖగోళానిది ఒక చిన్న ముక్క. ఆ ముక్కను కోసేస్తే ఏ ఊరికీ నీళ్లు రావు, ఊళ్లకు నీళ్లు రాకపోవడానికి కారణాలు మనం జీఎస్-2లో చదువుతున్నాం. అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు ఐదేళ్లలో అనుకున్న 50,000 కోట్లలో ఎక్కువ భాగం ప్రైవేటు నుంచి రావాలన్నారు. లాభం చూసే డబ్బు ఓరియన్ వైపు రాదు. అందుకే ప్రభుత్వం పెట్టే ఆ కాస్త మీదే ఈ పని బతకాలి. అన్న ఒప్పుకోలేదు. “ఎస్సేలో రాయి, మార్కులొస్తాయి” అని మాత్రం అన్నాడు.

చివరగా ఒక పాలనాపరమైన విషయం, రేపు మనలో ఎవరికైనా జిల్లా చేతికొస్తే పనికొచ్చేది. హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీ బేగంపేటలో ఉండేది. నగర దీపాల వెలుగు పెరిగాక ఉస్మానియా విశ్వవిద్యాలయం దూరంగా రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. 1980 ఫిబ్రవరి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచి చూశారు. నగరం అక్కడికీ వెలుగు తీసుకెళ్లింది. పరారుణానికి వీధిదీపాల కంటే నీటి ఆవిరే పెద్ద శత్రువన్న మాట నిజమే, కానీ రోడ్లు, హోటళ్లు, దుమ్ము వచ్చిన చోట ఏ టెలిస్కోపూ మిగలదు. 2022 డిసెంబరులో హాన్లే చుట్టూ వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతాన్ని దేశంలో మొదటి చీకటి ఆకాశ అభయప్రాంతంగా ప్రకటించారు. ఊళ్లవాళ్లకు చిన్న టెలిస్కోపులిచ్చి, వచ్చిన పర్యాటకులకు ఆకాశం చూపించి సంపాదించుకునేలా శిక్షణ ఇచ్చారు. చీకటిని కాపాడితే తమకు ఆదాయం వస్తుందని వాళ్లకు అర్థమైంది. అయితే పర్యాటకుల సంఖ్య పెరిగేకొద్దీ హోమ్‌స్టేల దీపాలు, వాహనాల హెడ్‌లైట్లు కూడా పెరుగుతాయి. పక్కనే వాస్తవాధీన రేఖ ఉంది కాబట్టి సైన్యం అవసరాలూ ఉంటాయి. కిటికీలకు మందపాటి తెరలు, దీపాలకు పైన మూతలు, రాత్రి వాహనాలకు వేళలు: ఇవన్నీ ఒక కలెక్టరు, ఒక బ్రిగేడ్ కమాండరు, ఒక గ్రామపెద్ద ప్రతి సీజన్‌కీ ముందు కూర్చుని తేల్చుకోవాల్సినవి.